మా ఊళ్ళో ఒకాయన

తిరువూరు బస్టాండుకు దగ్గర్లో, స్టీలు సామాన్ల కొట్టు పైన మేడలో మా ఆఫీసు. రెండే గదులు. ముందు గదిలో కుర్చీలు, వెనక గదిలో ఫోనూ నేనూ. మనసు బాగాలేనివాళ్ళు, ఇక బతకటం నా వల్ల కాదనిపించినవాళ్ళు ఎవరైనా ఆ నంబరుకు చేయవచ్చు. నేను మాట్లాడతాను. మాటతో సరిపోదనిపిస్తే మా నర్సూ డ్రైవరూ బండి వేసుకుని ఆ ఊరు వెళతారు. డాక్టరుగారు విజయవాడలో ఉంటారు. వారంలో ఒకరోజు ఇక్కడికొస్తారు, మిగతా రోజుల్లో ఫోనులో దొరుకుతారు. ఇంతే మా దండు.

కింద కొట్లో బిందెలు దొర్లితే ఆ చప్పుడంతా ఫోనులోకి వెళుతుంది. ఏడుస్తూ మాట్లాడుతున్న ఒకామె మధ్యలో ఆగి, "అయ్యో, మీరు వంట పనిలో ఉన్నట్టున్నారండి, తర్వాత చేస్తాలెండి" అని పెట్టేసింది. మా ప్రాంతం వాళ్ళు అంతే. ప్రాణం పోతున్నా ఎదుటివాళ్ళ వంట చెడగొట్టరు.

నేను ఇంతకుముందు ఒక స్కూలు ఆఫీసులో పనిచేశాను. అక్కడ నా కోపానికి పెద్ద పేరు. ఈ పనిలోకి వస్తుంటే ఇంట్లోవాళ్ళు నవ్వారు, "నువ్వు ఓదారుస్తావా?" అని. నిజం చెప్పాలంటే ఫోనులో నాకు కోపం రాదు. పెట్టేశాక వస్తుంది. అప్పుడు దగ్గర్లో ఎవరుంటే వాళ్ళకి తగులుతుంది.

మా ఫోనుకు చేసేవాళ్ళు "నాకు బాగాలేదు" అని మొదలుపెట్టటం చాలా తక్కువ. "మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడండి" అంటారు. లేకపోతే "మా పక్కింటావిడ" అంటారు. ఎ.కొండూరు వైపు నుంచి ఒకామె తన పక్కింటావిడ కష్టాలన్నీ చెప్పుకొస్తూ ఉండగా, వెనకనుంచి ఆ పక్కింటావిడ అత్తగారు గట్టిగా పిలిచింది. "ఆఁ, వస్తన్నా" అని పలికింది ఈమే. నేను విననట్టే ఊరుకున్నాను. ఆ ముసుగు వాళ్ళంతట వాళ్ళు తీయాలి, మనం లాగకూడదన్నది ట్రైనింగులో మాకు చెప్పిన మొదటి పాఠం.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో, మధ్యాహ్నం పూట ఒక ఫోను వచ్చింది.

"అమ్మా, మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. అర్చకుడు. రామాలయంలో చేస్తాడు. కార్తీకంలో భార్య పోయింది. అప్పటినుంచి ఆయన సరిగ్గా లేడు."

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"తెలిసినవాణ్ణి," అన్నారు.

ప్రతి మాటనూ చివరి అక్షరం దాకా పలికే గొంతు అది. అలాంటి గొంతు ఎక్కడ తయారవుతుందో గుడికి వెళ్ళే ఎవరికైనా తెలుసు. ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. ఏడుపు దిగమింగుకుంటున్నట్టు మధ్యమధ్యలో ఆగిపోయారు. చివర్లో మాత్రం, "ఉంటానమ్మా, నీకు శుభం కలుగుతుంది" అని నన్ను దీవించి ఫోను పెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పటినుంచి తరచుగా చేసేవారు. గుళ్ళో స్వామికి నివేదన అయ్యాక, తలుపులు వేసే ముందు. మేమిద్దరం ఆ "ఒకాయన" గురించే మాట్లాడుకునేవాళ్ళం.

"ఆయన భోజనం చేస్తున్నారాండీ?"

"వండుతున్నాడమ్మా. స్వామికి నివేదన తప్పదు గదా. వండి, నివేదన చేసి, తీసుకెళ్ళి ఆవుకి పెడుతున్నాడు. ఆవు మాత్రం ఒళ్ళు చేసింది."

ఆయనకి హాస్యం ఉంది. దానికి నాకు ఇంకా భయం వేసింది. నవ్వించగలిగిన మనిషిని చుట్టుపక్కలవాళ్ళు త్వరగా నమ్మేస్తారు, బాగానే ఉన్నాడని.

భార్య గురించి కొంచెం కొంచెంగా చెప్పారు. గుడిని ఆనుకునే వాళ్ళ ఇల్లు. పొద్దున్నే తులసి కోసిపెట్టేది ఆవిడ. నవమికి తలంబ్రాలు కలిపేది, పానకంలో మిరియం ఎంత పడాలో చూసేది ఆవిడే. ఆయనకి అర్చన మధ్యలో దగ్గొస్తే చాలు, ఇంటి గుమ్మంలో నీళ్ళ గ్లాసు పెట్టిన చప్పుడు గుళ్ళోకి వినపడేది. "ఇప్పుడు దగ్గొస్తే దగ్గే," అన్నారు. ఒక రోజు పొద్దున లేచిన మనిషి మధ్యాహ్నానికి లేదు. గుండె ఆగిపోయిందన్నారు.

"ఆయనకి పిల్లలు లేరా?"

"ఒక్కతే కూతురు. ఖమ్మంలో ఉంటుంది. చెబితే వచ్చి తీసుకుపోతుంది. గుడి వదిలి ఆయన ఎక్కడికి పోతాడమ్మా?"

ఆ గుడి కూడా చేతిలోంచి జారిపోతోందని తర్వాతి ఫోనులో తెలిసింది. శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం ఆ ఊళ్ళో పెద్ద పండగ. ఆయన తండ్రి తర్వాత ఆయనే చేయిస్తున్నారు. ఈసారి పక్కూరి పంతులుగారిని పిలుస్తున్నారట. భార్య లేనివాడి చేత కల్యాణం చేయిస్తే ఊరికి మంచిది కాదని నలుగురూ అనుకున్నారట.

"ఎవరండీ అన్నది?" అన్నాను. ఫోనులో కోపం రాదని చెప్పాను గానీ ఆ రోజు వచ్చింది.

"ఎవరూ తప్పుగా అనలేదమ్మా. గుడి కమిటీ పెద్దాయన స్వయంగా ఇంటికొచ్చాడు. చాప మీద కూర్చుని, 'మీరు ముందు వరసలో కూర్చోండి పంతులుగారూ, ఈ ఒక్కసారికి' అని ఎంతో మర్యాదగా చెప్పాడు. వేరే ఊళ్ళో వేరే ఎవరికైనా ఇలా జరిగి ఈయన్ని అడిగి ఉంటే, ఈయనా అదే చెప్పేవాడు. ఎవరి మీద కోప్పడతాం?"

కోప్పడటానికి కూడా ఎవరూ మిగలకపోతే ఆ కోపం ఎటు తిరుగుతుందో ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. అడగవలసిన ప్రశ్న అడిగాను. ఈ ప్రశ్న డొంకతిరుగుడుగా అడగకూడదు. మా ఇళ్ళల్లో పొరపాటున అలాంటి మాట అంటే పెద్దవాళ్ళు నోటిమీద కొడతారు. కొత్తలో నా నాలుక కూడా తిరిగేది కాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనం భయపడతాం గానీ, అడిగితేనే ఉన్నది బయటికొస్తుంది.

"ఆయనకి చనిపోవాలని అనిపిస్తోందాండీ?"

కింద కొట్లో ఎవరో పళ్ళాలు సర్దుతున్నారు. అవి సర్దటం అయిపోయేదాకా ఆయన పలకలేదు.

"నవమి దాకా ఉంటాడమ్మా," అన్నారు. "పందిరి వేశాక ఊళ్ళో ఎవరన్నా పోతే గుడి తలుపులు మూసేయాలి. కల్యాణం ఆగిపోతుంది. ఊరంతా సంవత్సరం పొడుగునా ఎదురుచూసేది ఆ పూట కోసమే. అది చెడగొట్టడు. నవమి వెళ్ళాక..."

ఆ వాక్యం పూర్తి చేయలేదు. నన్ను దీవించటం మాత్రం మర్చిపోలేదు.

ఫోను పెట్టాక ఆ మాటలన్నీ పుస్తకంలో రాసుకున్నాను. తన చేతుల్లోంచి తీసేసుకున్న కల్యాణం సవ్యంగా జరగటం కోసం ఒక మనిషి బతికి ఉన్నాడు. అది అయిపోతే ఆ ఒక్క కారణమూ ఉండదు. డాక్టరుగారికి చెబితే, "మనిషిని చూడండి, ఫోనుతో సరిపెట్టకండి" అన్నారు.

చూడటానికి ఆయన ఊరేదో నాకు తెలియదు. మా నర్సు వింటూనే తేల్చేసింది. "కార్తీకంలో భార్య పోయిన రామాలయం పంతులుగారంటే గంపలగూడెం వైపు ఒక్కరే అక్కా. మా ఆడపడుచు అత్తగారి ఊరే." హైదరాబాదులో దాక్కోవచ్చు గానీ గంపలగూడెం మండలంలో ఎవరూ దాక్కోలేరు. రెండు ప్రశ్నలకి మనిషి ఇల్లు దొరుకుతుంది. ఆ ఊరి పేరు నేను ఇక్కడ రాయను.

మరుసటిసారి ఆయన చేసినప్పుడు, మా వాళ్ళు వచ్చి ఆ ఒకాయన్ని చూడవచ్చా అని అడిగాను.

"మీ బండి మీద ఇంతింత అక్షరాలుంటాయటగా, మానసిక ఆరోగ్యం అని. అది గుడి ముందు ఆగితే రేపటినుంచి ఆయన చేతి తీర్థం ఎవరు తీసుకుంటారమ్మా? పంతులుకి పిచ్చి అంటారు."

"బండి రాదండీ. మా నర్సు ఒకామె మామూలుగా దర్శనానికి వచ్చినట్టు వస్తుంది."

"గుడికి ఎవరైనా రావచ్చు," అన్నారు.

మా నర్సు ఆషామాషీ మనిషి కాదు. తాగి కత్తి పట్టుకున్నవాణ్ణి ఒక్క చూపుతో అరుగు మీద కూర్చోబెట్టిన మనిషి. శనివారం పొద్దున తలంటుకుని, కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకుని బస్సెక్కింది. సాయంత్రానికి నుదుటిన కుంకుమతో, చేతిలో ప్రసాదం పొట్లంతో, కడిగిన ముత్యంలా తిరిగొచ్చింది.

"పంతులుగారు బ్రహ్మాండంగా ఉన్నారక్కా! ఎంత మంచి మనిషి! మా అమ్మ కంటి ఆపరేషనంటే భయపడి చస్తోందని చెప్పాను. మంచి రోజు చూసి చెప్పారు. కుంకుమ పొట్లం కట్టిచ్చి, ధైర్యంగా ఉండమ్మా, నీ వెనక స్వామి ఉన్నాడు అన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నెలరోజులుగా మోస్తున్న బరువు దిగిపోయిందనుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు వెళ్ళింది ఆయన్ని చూడటానికా, ఆయనకి చూపించుకోవటానికా? అన్నం తిన్నారా అని అడిగావా? నిద్రపోతున్నారా అని అడిగావా?"

"శఠగోపం నెత్తిన పెట్టిన మనిషిని అన్నం తిన్నారా అని ఎట్టా అడుగుతామక్కా? నోరు రాలేదు."

అరిచానే గానీ, అది ఆమె ఒక్కదాని పొరపాటు కాదని నాకు అర్థమైంది. ఆ ఊరు ఊరంతా చేస్తున్న పొరపాటే అది. ఆయన ముందు నిలబడగానే ఎవరికైనా చేతులు జోడించటమే వస్తుంది, తమ కష్టమే గుర్తొస్తుంది. ఆయన నోటినుంచి అభయం తప్ప ఇంకేమైనా వస్తుందని ఎవరికీ తోచదు. మనిషికి మనిషి ఎదురుపడి చూసినా కనపడనంత బాగా దాక్కున్నారాయన. అది కూడా దీవిస్తూ.

ప్రసాదం పొట్లం విప్పాను. పులిహోర. నా కోపానికి అది కూడా చేదుగానే అనిపించింది. తిన్నాననుకోండి, పారేయలేం గదా.

ఆ తర్వాత ఆయన ఫోను రాలేదు. నివేదన వేళ దాటేది, ఇంకెవరెవరో చేసేవారు. పరీక్ష సరిగ్గా రాయలేదని ఒక పిల్ల, మిరప కోతకి కూలీలు దొరక్క పిచ్చెక్కుతోందని ఒక రైతు. వాళ్ళతో మాట్లాడుతూనే చెవి ఇంకో ఫోను కోసం కాచుకుని ఉండేది. చివరికి, మా అంతట మేము చేయకూడదన్న నియమం పక్కనపెట్టి నేనే చేశాను. స్విచాఫ్. సాయంత్రం చేశాను, స్విచాఫ్. నవమి దగ్గరపడింది. కాలు గాలిన పిల్లిలా రెండు గదుల్లో తిరుగుతుంటే డాక్టరుగారు ఫోనులో, "నువ్వే వెళ్ళు. ఆయనకి నీ గొంతు తెలుసు" అన్నారు.

ఫోను మనిషి ఊళ్ళోకి వెళ్ళటం మామూలుగా మా పద్ధతి కాదు. ఆ రోజు నర్సుని నా కుర్చీలో కూర్చోబెట్టాను. "ఆయన చేస్తే మాత్రం పెట్టనివ్వకు. ఈసారి దీవెనలు పుచ్చుకోవటం కాదు, తిన్నారా అని అడుగు" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. నాకంటే ఎక్కువ భయపడుతోంది అప్పటికి.

డ్రైవరు మా అందరికంటే పెద్దవాడు, అందరం బాబాయ్ అంటాం. మామూలుగా దారి పొడుగునా రాజకీయాలు మాట్లాడతాడు. ఆ రోజు నా మొహం చూసి రేడియో కూడా పెట్టలేదు. వినగడప దాటాం. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి, ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. నేను మనసులో ఒకటే అనుకుంటున్నాను, పందిరి వేసే ఉండాలి, ఊళ్ళో తలుపులు మూసిన గుడి కనపడకూడదు అని. ఆయన నాతో అన్న మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. సిగ్గుగా కూడా ఉంది, ఆయన ఆగుతానన్న కారణం ఎంత అన్యాయమైనదో తెలిసీ దాన్నే నమ్ముకోవటానికి.

బండి బడి దగ్గర, అక్షరాలు గోడవైపు ఉండేట్టు ఆపమని చెప్పి నడిచి వెళ్ళాను.

గుడి ముందు తాటాకు పందిరి లేస్తోంది. అరటిబోదెలు కింద పడేసి ఉన్నాయి. కండువా వేసుకున్న ఒక పెద్దాయన మైకువాడి మీద కేకలేస్తున్నాడు. నన్ను చూసి, "ఎవరి తాలూకమ్మా?" అన్నాడు. తిరువూరు నుంచి దర్శనానికి వచ్చానన్నాను. "త్వరగా వెళ్ళు తల్లీ, పంతులుగారు తలుపులేసే టైమైంది," అన్నాడు. ఆ మాటకి గబగబా చెప్పులు విడిచాను. ఉన్నారు.

మండపంలో ఇద్దరు ఆడవాళ్ళు మామిడాకులు తోరణం కడుతున్నారు. ఆయన గర్భగుడి గడప లోపల నిలబడి ఉన్నారు. గొంతునిబట్టి నేను దిట్టమైన మనిషిని ఊహించుకున్నాను. ఎదురుగా ఉన్నది పంచె నడుం మీద నిలవనంత చిక్కిపోయిన మనిషి. నామం మాత్రం దిద్దినట్టుంది. దాన్ని చూస్తే చాలు, బాగానే ఉన్నారని ఎవరైనా అనేస్తారు.

నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. నర్సుని తిట్టినదంతా గుర్తొచ్చింది. ఆ ఒక్క క్షణంలో నా రక్తపోటు, ఇంట్లో గొడవలు, ఈ పనిలో నేను మోస్తున్నవన్నీ నాలుక చివరికొచ్చాయి. స్వామీ నాకు ధైర్యం చెప్పండి అని అడగబోయినంత పని చేశాను.

"అర్చన చేయించుకుంటావా అమ్మా?" అన్నారు.

వెనక ఆడవాళ్ళు వింటున్నారు. నేను ఫోను మనిషినని ఎలా చెప్పను?

"చేయించాలండీ."

నా గొంతు విని ఆయన పూలపళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. మొహంలో ఏమీ మారలేదు. "గోత్రం?" అన్నారు.

"తెలియదండీ."

"పరవాలేదు. ఎవరి పేరున?"

నేను ముందుగా అనుకుని వెళ్ళిన మాట కాదిది. నోటికి వచ్చేసింది. "నాకు ఫోను చేసే ఒకాయన ఉన్నారండీ. మంచాయన. కొన్నాళ్ళుగా చేయట్లేదు, నాకు భయంగా ఉంది. ఆయన పేరున చేయించాలి. పేరు ఎప్పుడూ చెప్పలేదు. మీకు తెలిసే ఉంటుంది."

ఆయన నావైపు చూశారు. తర్వాత స్వామివైపు తిరిగారు. ఇప్పుడు నాకు వీపు మాత్రమే కనపడుతోంది. ఏదో ఒక పేరు చెప్పి ముగించేస్తారనుకున్నాను.

ఒక గోత్రం చెప్పారు. ఒక పేరు చెప్పారు. ఎప్పటిలాగే, చివరి అక్షరం దాకా. మామిడాకులు కడుతున్న ఆడవాళ్ళు తలెత్తారు. వాళ్ళకి ఆ పేరు ఎవరిదో తెలుసు. పేరు తర్వాత రావలసిన మాటలు ఆయన నాలుకకి పుట్టినప్పటినుంచీ అలవాటే, ఎవరి పేరున చేసినా వచ్చేవే. ఆ ఊపులో అనేశారు. "ధర్మపత్నీ సమేతస్య" అన్నారు.

అక్కడ ఆగిపోయారు.

భార్యతో కూడినవాడికి అని. ఆ మాట గుళ్ళో అలా ఉండిపోయింది. ఫోనులో నేను నేర్చుకున్నది ఒక్కటే, అవతలివాళ్ళు ఆగినప్పుడు ఆ ఖాళీని మనం నింపకూడదని. నింపలేదు. ఆయన భుజాలు కదలటం మొదలైంది. పూలపళ్ళెం స్వామి పాదాల దగ్గర పెట్టేసి, గోడ పట్టుకుంటూ గడప దాటి వచ్చి, మండపంలో స్తంభానికి ఆనుకుని కూలబడ్డారు. చిన్నపిల్లాడిలా, శబ్దం చేస్తూ ఏడ్చారు. ఆడవాళ్ళలో ఒకామె నీళ్ళకోసం పరిగెత్తింది. ఇంకొకామె, "పంతులుగారూ, పంతులుగారూ" అంటూ చేతులు నలుపుకుంటూ నిలబడిపోయింది.

నేను ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నా వల్ల కావట్లేదమ్మా," అన్నారు. అప్పటిదాకా ఆయన నోట 'నా' అన్న మాట నేను వినలేదు. "నవమి దాకా కూడా ఆగాలనిపించలేదు. అందుకే ఫోను ఆపేశాను. నీతో మాట్లాడితే ఆగిపోతానేమోనని."

"ఆగిపోండి," అన్నాను. "అందుకే వచ్చాను."

నీళ్ళు వచ్చాయి. తాగారు. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా అని అడిగాను. లేదన్నారు. ఇంట్లో ఒంటరిగా ఉండొద్దని, విజయవాడలో డాక్టరుగారి ఆసుపత్రికి ఇద్దరం కలిసే వెళదామని, దారిలో మీ అమ్మాయికి ఫోను చేద్దామని చెప్పాను. కూతురి మాటకి తల అడ్డంగా ఊపారు. కాసేపటికి, "చెయ్యి. కానీ నువ్వే మాట్లాడు ముందు" అన్నారు.

"బండి ఎక్కడుంది?"

"బడి దగ్గర పెట్టించానండీ. ఊరి చివరిదాకా మెల్లగా నడిచి ఎక్కవచ్చు. ఎవరూ చూడరు."

"నడవలేను. ఇక్కడికే రమ్మను."

"దానిమీద అక్షరాలున్నాయండీ."

"తెలుసమ్మా," అన్నారు.

లేచి, ముందుగానే నివేదన చేసిన స్వామికి హారతి ఇచ్చారు. తలుపులు వేస్తుంటే నేను గడపకి ఇవతలే నిలబడ్డాను, ఒక్క క్షణం కూడా ఆయన్ని కంటికి దూరం చేయకుండా. తోరణం కట్టే ఆమె ఒక దొన్నెలో దద్ధోజనం పెట్టి ఆయన చేతికిచ్చింది. నిలబడే నాలుగు ముద్దలు తిన్నారు. ఆమె ఆయన్నే చూస్తూ ఉంది. రోజూ ఆయన చేతినుంచి పుచ్చుకునేదే గానీ, ఆయన తినటం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

బాబాయ్ బండిని పందిరి దాకా తెచ్చాడు. పందిరి మీద ఉన్నవాళ్ళు పని ఆపేశారు. అక్షరాలు చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పటం కనపడుతూనే ఉంది. కండువా పెద్దాయన గబగబా వచ్చాడు. కల్యాణం గురించి చాప మీద కూర్చుని చెప్పింది ఆయనేనని అప్పుడు తెలిసింది.

"ఏంది పంతులుగారూ, ఒంట్లో బాగాలేదా? మన కారు ఉందిగా, చెబితే పంపేవాణ్ణిగా. ఈ బండెందుకు?"

"ఒంట్లో బాగానే ఉందండీ," అన్నారాయన. పందిరి చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. "మనసు బాగాలేదు. చచ్చిపోదామనుకున్నాను. ఆసుపత్రికి వెళుతున్నాను."

పెద్దాయన అడుగు వెనక్కి వేశాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. "మేమేమన్నా..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు.

"మీరేమీ అనలేదు," అన్నారాయన. అది క్షమించటమో, నిందించటమో నాకు ఇప్పటికీ తెలియదు. నాకైతే నాలుగు మాటలు దులపాలనే ఉంది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఆ నాలుగు మాటలూ అనవలసింది ఆయన, నేను కాదు.

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. తనకు తెలిసినదే అడిగాడు. "మరి గుడి?"

ఆయన మొలనుంచి తాళంచెవుల గుత్తి తీసి పెద్దాయన చేతిలో పెట్టారు. మా పనిలో, ఉన్నవన్నీ ఒకరికి అప్పగించేసే మనిషిని చూస్తే భయపడమని చెబుతారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"సాయంత్రం దీపం పెట్టించండి," అని బండి ఎక్కి కూర్చున్నారు. నేనూ ఎక్కాను. పెద్దాయన గుత్తి రెండు చేతుల్లో పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. బాబాయ్ బండి తీయబోతుంటే, ఆయన కిటికీలోంచి తల బయట పెట్టారు.

"జాగ్రత్తగా ఉంచండి," అన్నారు. "నవమి వెళ్ళాక వచ్చి తీసుకుంటాను."